సీజర్ నాటకం మా అమ్మాయికి ఎందుకు?

మేడమ్ గారికి నమస్కారం.

మాది నల్లగొండ జిల్లా. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. మా అమ్మాయి ఐసీఎస్ఈ స్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతోంది. ఇంగ్లీషు లిటరేచర్‌లో వాళ్లకు షేక్‌స్పియర్ రాసిన జూలియస్ సీజర్ నాటకం ఉంది. ఈ ఏడాది మొదటి రెండు అంకాలు, వచ్చే ఏడాది మిగతా మూడు అని స్కూల్లో చెప్పారు. పిల్ల రోజూ రాత్రి గైడు ముందు పెట్టుకుని, ఒక పక్క పాత ఇంగ్లీషు, ఇంకో పక్క దాని అర్థం బట్టీ పడుతోంది. "నాన్నా, ఈ ఇంగ్లీషు లోకంలో ఎవరూ మాట్లాడరు, నాకెందుకిది?" అని మొన్న ఏడ్చేసింది. నాకు జవాబు తోచలేదు.

మా ఆఫీసులో తోటివాళ్ల పిల్లలు వేరే బోర్డుల్లో చదువుతూ హాయిగా స్పోకెన్ ఇంగ్లీషు, కోడింగ్ నేర్చుకుంటున్నారు. మా అక్క కూతురు కొన్నేళ్ల కిందట ఇదే బోర్డులో మర్చంట్ ఆఫ్ వెనిస్ చదివింది. అందులో ఒక యూదు వడ్డీవ్యాపారిని అందరూ కుక్క అని తిడతారట. నాలుగు వందల ఏళ్ల నాటి తెల్లవాళ్ల నాటకాలు, కత్తిపోట్లు, మతం పేరుతో తిట్లు మన పిల్లలకు ఇంకా ఎందుకు మేడమ్? వీటిని తీసేయమని ప్రిన్సిపాల్‌కు లెటర్ ఇద్దామని కొందరు పేరెంట్స్‌మి అనుకుంటున్నాం. వచ్చే ఏడాది బోర్డే మార్చేద్దామా అని నాకు టెన్షన్‌గా ఉంది. మీ సలహా కావాలి.

— ఒక తండ్రి, కూకట్‌పల్లి

*

మీ అమ్మాయి ఏడవడంలో నాకు న్యాయమే కనిపిస్తోంది. ఒక పక్క అర్థంకాని వాక్యం, ఇంకో పక్క దాని అర్థం పెట్టి రెండూ కంఠస్థం చేయమంటే ఎవరికైనా ఏడుపే వస్తుంది. నేను ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు టీచరుగా పనిచేశాను, అందులో ఎక్కువ కాలం జిల్లా పరిషత్ హైస్కూళ్లలో. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాత నాటకాలు హైస్కూల్లో ఉండాలి. అయితే వాటిని పిల్లల నోటితో పలికించాలి, నిలబెట్టి ఆడించాలి. అంత ఓపిక లేక గైడు బట్టీతో సరిపెట్టే చోట, ఆ పీరియడ్‌లో ఒక మంచి కథ చదివించడం మేలు.

"ఈ ఇంగ్లీషు ఎవరూ మాట్లాడరు" అందట కదా, నిజమే. 1599లో లండన్ వీధుల్లో కూడా ఎవరూ అలా మాట్లాడి ఉండరు. చేపలు బేరమాడేవాళ్లు పద్యాల్లో బేరమాడరు. ఆ ఏడాది సెప్టెంబర్ 21న థామస్ ప్లాటర్ అనే స్విట్జర్లాండ్ యాత్రికుడు, గడ్డి కప్పిన ఒక నాటకశాలలో సీజర్ నాటకం చూశానని రాసిపెట్టుకున్నాడు. అప్పటి నాటకశాలల్లో ఒక్క పెన్నీ ఇచ్చినవాళ్లు మధ్యలో, కప్పు లేని చోట, నిలబడి చూసేవాళ్లు. వాళ్లలో చేతిపనుల వాళ్లు, నౌకర్లు, అక్షరం రానివాళ్లు ఎందరో. నాటకం వాళ్లకు చెవి ద్వారా చేరింది. నటుడి గొంతు, చెయ్యి, అతను ఎవరివైపు తిరిగి అంటున్నాడన్నది చూసి సగం అర్థం చేసుకున్నారు. మిగతా సగం తర్వాత మెల్లగా తెలిసి ఉంటుంది.

ఇది నాకు పుస్తకాల్లో చదవకముందే ఇంట్లో తెలిసిన సంగతి. మా తాతయ్యకు సంతకం పెట్టడం రాదు. తెనాలి పక్క పల్లెలో రెండెకరాల రైతు. శ్రీకృష్ణ రాయబారం ఎక్కడ ఆడినా చాప చంకన పెట్టుకుని వెళ్లి, తెల్లవారుజామున వచ్చేవాడు. పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుణ్ణి చూసిన మర్నాడు పొలంలో నీళ్లు కడుతూ "జెండాపై కపిరాజు" ఎత్తుకునేవాడు. ఆ పద్యంలో "సితవాజిశ్రేణి" అని వస్తుంది. చిన్నప్పుడు అంటే ఏంటి తాతయ్యా అని అడిగాను. "అర్జునుడి గుర్రాలే, తెల్లవి, వరసగా కట్టి ఉంటయ్" అన్నాడు. ఏ పండితుడూ ఆయనకు అర్థం చెప్పలేదు. ఆ భాష ఆయన ఇంట్లో మాట్లాడే భాష కూడా కాదు. పదిసార్లు విన్నాడు, పదిసార్లు పాడాడు, ఒకనాటికి తెలిసింది. మన తెలుగువాళ్లకు పాత భాషలో నాటకం అంటే భయం ఉండాల్సిన పనిలేదు. రెండు మూడు తరాల కిందట ఊళ్లకు ఊళ్లు ఆ పద్యాలకు వన్స్ మోర్ కొట్టాయి.

మరి మీ అమ్మాయి చేస్తున్నదేమిటి? కన్యాశుల్కంలో ఒక ఘట్టం గుర్తుచేస్తాను. గిరీశం, వెంకటేశం ఇద్దరూ ఇంట్లోవాళ్ల ముందు ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు. ఒకరు ట్వింకిల్ ట్వింకిల్ పద్యం చదువుతారు, ఇంకొకరు గుడారంలో తెల్లదొర ఉన్నాడంటారు, మధ్యలో ఒక రేఖాగణితం ముక్క, ఇంకోచోట మిల్టన్ పద్యం తలకిందులు. వినేవాళ్లు అబ్బాయికి ఇంగ్లీషు వచ్చేసిందని సంతోషిస్తారు. ఆ గిరీశం తన శిష్యుణ్ణి "మై డియర్ షేక్‌స్పియర్" అని కూడా పిలుస్తాడు. గురజాడ చూపించిన ఆ చదువు నూరేళ్ల పైన గడిచినా మన స్కూళ్లలో పోలేదు. మాటలు నోట్లో ఉంటాయి, వాటి వెనక మనిషి ఉండడు. మీరు లెటర్ రాయాల్సింది దీని మీద.

ఇక నాటకంలో ఏముందో చూద్దాం. మీ అమ్మాయి ఈ ఏడాది చదివే రెండు అంకాల్లోనే ఎంత ఉందో ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు.

కాషియస్ అనే పెద్దమనిషికి, రోమ్‌ను ఏలుతున్న సీజర్ అంటే పడదు. బ్రూటస్‌ను తన వైపు తిప్పుకోవాలి. బ్రూటస్ మంచివాడు, డబ్బుకు లొంగడు, పొగడ్తకు సులువుగా పడడు. అందుకని కాషియస్ ఏం చేస్తాడంటే, రకరకాల చేతిరాతలతో చీటీలు సిద్ధం చేసి, రోమ్ పౌరులు వేర్వేరుగా రాసినట్టు నమ్మేలా బ్రూటస్ కిటికీలోంచి లోపలికి వేయిస్తాడు. "బ్రూటస్, నువ్వు నిద్రపోతున్నావు, మేలుకో" అని ఉంటుంది అందులో. బ్రూటస్ అది చదివి, దేశమంతా తనను పిలుస్తోందనుకుంటాడు. ఒక్కడు కూర్చుని పదిమంది పేర్లతో ఖాతాలు తెరిచి, జనాభిప్రాయం ఇదీ అని నమ్మించడం మన పిల్లలు ఫోనులో రోజూ చూస్తున్నదే. తొమ్మిదో తరగతి పిల్లకు ఈ ఒక్క సంగతి చెప్పి, "ఆ చీటీ నిజమో కాదో బ్రూటస్ ఎలా తెలుసుకుని ఉండాల్సింది?" అని అడగండి. పీరియడ్ సరిపోదు.

రెండో అంకం మొదట్లో బ్రూటస్ తోటలో ఒంటరిగా తిరుగుతూ తనతో తానే మాట్లాడుకుంటాడు. సీజర్ ఇంతవరకు నాకేమీ అన్యాయం చేయలేదు అని ఒప్పుకుంటాడు. కిరీటం పెడితే మారిపోవచ్చు అంటాడు. పాము గుడ్డు పగిలి పిల్ల బయటికి రాకముందే చంపేయాలి అని తేల్చుకుంటాడు. ఇంకా చేయని తప్పుకు ఒక మనిషిని చంపొచ్చా? మంచివాడు, చదువుకున్నవాడు, ఇంత జాగ్రత్తగా ఆలోచించి కూడా హత్య దగ్గరికి ఎలా చేరాడు? పద్నాలుగేళ్ల పిల్లలు న్యాయం, అన్యాయం అన్న మాటల మీద ఇంట్లో రోజూ గొడవపడే వయసు. వాళ్లకు ఇంతకంటే సరైన పాఠం నాకు తెలియదు. కత్తిపోట్లున్నాయని మీరు భయపడుతున్నారు. సినిమాల్లో పిల్లలు చూసే కత్తిపోట్లకు ముందు ఇంత ఆలోచన ఉండదు.

ఇక్కడ ఒక లోపం చెప్పాలి. సీజర్ హత్య జరిగేది మూడో అంకం మొదటి రంగంలో. తొమ్మిదిలో రెండు అంకాలతో ఆపేస్తే, పిల్లలు ఏడాదంతా కుట్ర చదివి, ఆ కుట్ర ఏమైందో చూడకుండా సెలవులకు వెళ్తారు. రెండున్నర గంటల్లో ఆడేసే నాటకాన్ని రెండేళ్లు సాగదీస్తే అందులో ప్రాణం ఉండదు. పరీక్షకు ఎన్ని అంకాలున్నా సరే, మొదటి వారంలోనే పిల్లలకు మొత్తం నాటకం ఒకసారి చూపించాలి. 1953లో వచ్చిన నలుపు తెలుపు సినిమా ఉంది, మార్లన్ బ్రాండో సీజర్ స్నేహితుడు ఆంటోనీగా వేశాడు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకుని ఒక ఆదివారం మీరంతా కలిసి చూడండి. కథ తెలిసిపోతే ఆసక్తి పోతుందని అనుకోకండి. మన జనం కథ తెలియకనా రాయబారం చూసింది?

మూడో అంకంలో రెండు ప్రసంగాలున్నాయి. ఈ నాటకం హైస్కూల్లో ఉండాలని నేను పట్టుబట్టడానికి అవే ముఖ్య కారణం. హత్య అయ్యాక బ్రూటస్ జనం ముందుకు వచ్చి మాట్లాడతాడు. వచనంలో మాట్లాడతాడు. తూకం వేసినట్టు వాక్యాలు, కారణాలు, తర్కం. జనం ఒప్పుకుని జేజేలు కొడతారు. తర్వాత ఆంటోనీ వస్తాడు. అతను పద్యంలో మాట్లాడతాడు. వచనానికీ పద్యానికీ సభలో ఎంత తేడా ఉంటుందో తెలుగువాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. బ్రూటస్‌ను ఒక్క మాట అనకూడదని అతనికి షరతు పెట్టారు. అనడు. "బ్రూటస్ ఈజ్ యాన్ ఆనరబుల్ మ్యాన్" అని మళ్లీ మళ్లీ అంటాడు, అంతే. మొదటిసారి అది మర్యాద. రెండోసారికి ఎక్కడో అనుమానం. ఇంకో రెండుసార్లు అయ్యేసరికి అదే మాట తిట్టుగా మారిపోతుంది. తర్వాత సీజర్ వీలునామా బయటికి తీసి, చదవనంటూనే చూపిస్తాడు. జనం చదవమని బతిమాలేదాకా ఆగుతాడు. ప్రతి పౌరుడికీ 75 ద్రాక్మాలు రాశాడని చివరికి చెప్తాడు. అప్పటికే ఊరు అంటుకుంది.

స్పోకెన్ ఇంగ్లీషు అన్నారు మీరు. ఒకే వాక్యాన్ని నాలుగు రకాలుగా పలికి నాలుగు అర్థాలు తెప్పించడం వచ్చిన పిల్లకు అంతకంటే స్పోకెన్ ఇంగ్లీషు ఏ కోచింగ్ సెంటర్ నేర్పుతుంది? అంతకన్నా ముఖ్యం, రేపు ఆ పిల్ల ఓటరు అవుతుంది. ఎవరో మైకు ముందు నిలబడి కన్నీళ్లు పెట్టుకుంటూ, నేనేమీ అననంటూనే అంతా అనేస్తుంటే, ఆమెకు అప్పుడు ఆంటోనీ గుర్తు రావాలి.

ఆ ప్రసంగం అయిన వెంటనే చాలా చిన్న రంగం ఒకటి వస్తుంది. చాలామంది టీచర్లు అది గబగబా దాటేస్తారు. సిన్నా అనే కవి వీధిలో వెళ్తుంటాడు. కుట్రదారుల్లో కూడా సిన్నా అని ఒకడున్నాడు. గుంపు ఇతణ్ణి ఆపి పేరు అడుగుతుంది. చెప్తాడు. చంపేయండి వీణ్ణి అంటారు. నేను ఆ సిన్నాను కాదు, కవిని అని మొత్తుకుంటాడు. అయితే చెత్త కవిత్వం రాసినందుకు చంపండి అంటారు.

ఒక పల్లెటూరి స్కూల్లో తొమ్మిదో తరగతికి నేను ఈ రంగం చెప్పాను. అది మా సిలబస్‌లో లేదు. పిల్లల్లో సగంమందికి ఇంగ్లీషు పేరా చదవడం కష్టం. వాళ్లకు మొత్తం నాటకం ఇస్తే అది హింసే అయ్యేది, నేను ఇవ్వలేదు. కథంతా తెలుగులో చెప్పి, ఈ ఒక్క రంగం, ముప్పై నలభై లైన్లు, ఇంగ్లీషులో బోర్డు మీద రాశాను. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్లాడు ఉండేవాడు. వాళ్లమ్మ వాణ్ణి "సిన్నా" అని పిలిచేది. చిన్నా అన్నమాట, వాళ్ల యాసలో. పేరు వినగానే క్లాసంతా వాడివైపు తిరిగింది. వాడు లేచి వచ్చాడు. మిగతావాళ్లు చుట్టూ మూగి, "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అని అరిచారు. ఆ ప్రశ్న ఒకటో తరగతి నుంచి వాళ్లకు వచ్చిన ఇంగ్లీషే. వాడు "ట్రూలీ, మై నేమ్ ఈజ్ సిన్నా" అన్నాడు. గుంపు మీదకు వచ్చింది. వాడి గొంతులో నిజంగా భయం వినిపించింది, అరుస్తున్న పిల్లలు ఒక్కసారి ఆగిపోయారు. ఆ పూట ఇంకేమీ చెప్పలేదు నేను.

తర్వాత చాలా ఏళ్లకు, 2018 వేసవిలో, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు లేచి, మన రెండు రాష్ట్రాల్లోనూ అమాయకుల మీద గుంపులు పడి కొట్టిన రోజులు వచ్చాయి. పేపర్లో ఆ వార్తలు చదువుతున్నంతసేపూ నాకు ఆ క్లాసు కళ్లముందు మెదిలింది. గద్వాల జిల్లాలో పోలీసులు అప్పుడు ఊరూరా జానపద కళాకారులతో పాడించి ఆ పుకార్లు నమ్మవద్దని చెప్పించారు. హెచ్చరిక నోటీసు అంటించి ఊరుకోలేదు, ఆడి పాడి చెప్పించారు. నాటకం చేసే పని అదే.

తెల్లవాళ్ల నాటకం మనకెందుకన్న మీ ప్రశ్న చిన్నది కాదు. ఇంగ్లీషు వాళ్లు తమ సాహిత్యాన్ని మన దేశంలో పాఠంగా పెట్టింది మన మీద ప్రేమతో కాదు, నాకూ తెలుసు. కానీ ఒకసారి చేతికి వచ్చాక మనవాళ్లు దాన్ని ఏం చేసుకున్నారో కూడా చూడాలి. వావిలాల వాసుదేవశాస్త్రి గారు ఇదే సీజర్ నాటకాన్ని 1870ల్లోనే తెలుగు చేశారు. ఇంగ్లీషు నుంచి తెలుగుకు వచ్చిన తొలి నాటకాల్లో అదొకటి. టాంజానియా నాయకుడు జూలియస్ న్యెరేరే 1963లో దీన్ని స్వాహిలీ భాషలోకి తెచ్చాడు. దేశం స్వతంత్రమై రెండేళ్లు కూడా కాలేదు, దేశాన్ని నడిపిస్తున్న మనిషి తీరిక చేసుకుని ఈ పని చేశాడు.

రాబెన్ ఐలండ్ జైలు సంగతి మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి. దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ల ప్రభుత్వం నల్లవాళ్లనూ భారతీయులనూ బంధించిన జైలు అది. సనీ వెంకటరత్నం అనే ఖైదీ దగ్గర షేక్‌స్పియర్ నాటకాల సంపుటం ఒకటి ఉండేది. పేరు వింటే మన పక్కింటి మనిషి పేరులా ఉంది కదా, దక్షిణాఫ్రికాలో స్థిరపడ్డ భారతీయ కుటుంబంలోని వాడు. జైలువాళ్లు పుస్తకం లాక్కోకుండా అట్ట మీద దీపావళి గ్రీటింగ్ కార్డుల బొమ్మలు అంటించి, ఇది మా మతగ్రంథం అని చెప్పాడు. ఆ పుస్తకం తోటి ఖైదీల చేతులు మారింది. ముప్పైమందికి పైగా తమకు నచ్చిన లైన్ల పక్కన సంతకాలు పెట్టారు. 1977 డిసెంబర్ 16న నెల్సన్ మండేలా సంతకం పెట్టింది ఎక్కడో తెలుసా? జూలియస్ సీజర్ రెండో అంకం రెండో రంగంలో. పిరికివాళ్లు చావుకు ముందే ఎన్నోసార్లు చస్తారు, ధైర్యం ఉన్నవాడు చావును ఒక్కసారే రుచి చూస్తాడు అనే చోట. మీ అమ్మాయి రాత్రుళ్లు గైడులో బట్టీ పడుతున్న పేజీల్లోనే ఆ లైన్లున్నాయి. తెల్లవాళ్లు బంధించిన మనిషికి ఆ మాటలు తనవనిపించాయి. మరి మన పిల్లలకు అవి పరాయివని మనం ముందే తేల్చడం ఎందుకు?

మర్చంట్ ఆఫ్ వెనిస్ మీద మీ అక్క కూతురు చెప్పింది నిజం. షైలాక్‌ను కుక్క అంటారు, మీద ఉమ్ముతారు, చివర్లో బలవంతంగా మతం మార్పిస్తారు, అక్కడితో అందరూ సంతోషంగా ఉంటారు. 1943లో నాజీల ఏలుబడిలో ఉన్న వియన్నాలో యూదుల మీద ద్వేషం పెంచడానికి ఆ నాటకాన్నే ఆడించారు. మరోపక్క, యూదుడికి కళ్లు లేవా, పొడిస్తే రక్తం రాదా అని షైలాక్ అడిగే మాటలు కూడా అందులోనే ఉన్నాయి. రెండూ చెప్పగల టీచరు చేతిలో అది గొప్ప పాఠం. చెప్పలేని చోట షైలాక్ ఒక నవ్వులాట అవుతాడు. మనకూ ఇలాంటిది అనుభవమే. కాళ్లకూరి నారాయణరావు గారి చింతామణి వేశ్యాలోలత్వం ఇళ్లను ఎలా కూల్చుతుందో చెప్పడానికి పుట్టిన నాటకం. ఆడగా ఆడగా సుబ్బిశెట్టి పాత్రను మోటు హాస్యంతో నింపేశారు, వైశ్య కుటుంబాల పిల్లలు ఆ పేరుతో వెక్కిరింతలు పడ్డారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రదర్శనలు నిషేధించింది. నిషేధం నాకు నచ్చలేదు, కానీ ఆ వెక్కిరింత పడ్డవాళ్ల బాధ చిన్నదని మాత్రం అనను. తొమ్మిదో తరగతికి ఏదో ఒకటే ఎంచుకోమంటే నేను సీజర్‌నే ఎంచుకుంటాను. మర్చంట్‌ను ఇంటర్ వయసు దాకా ఆపుతాను.

బోర్డుతో నాకు తగాదా ఇంకొకచోట ఉంది. పాత నాటకం అనగానే ఒక్క షేక్‌స్పియరే ఎందుకు? గిరీష్ కర్నాడ్ 1964లో కన్నడంలో రాసిన తుగ్లక్‌ను ఆయనే ఇంగ్లీషు చేశారు. ఆదర్శాలతో మొదలుపెట్టి జనాన్ని హింసించిన పాలకుడి కథ. సీజర్ పక్కన పెట్టి చదివితే రెండూ వెలుగుతాయి. ఇబ్సెన్ రాసిన ఎ డాల్స్ హౌస్ 1879 నాటిది. అందులో నోరా ఇల్లు విడిచి వెళ్లే రంగం మన ఆడపిల్లల క్లాసులో చదివించి చూడండి, ఎన్ని చేతులు లేస్తాయో. లొరైన్ హాన్స్‌బెర్రీ నాటకం ఎ రైజిన్ ఇన్ ద సన్ 1959లో న్యూయార్క్‌లో ఆడింది. షికాగోలో ఒక నల్లజాతి కుటుంబం తెల్లవాళ్ల పేటలో ఇల్లు కొనుక్కుంటే, రావద్దని, డబ్బు ఇస్తామని ఆ పేటవాళ్లు మనిషిని పంపుతారు. అద్దెకు ఇల్లు అడిగితే "మీరేమిట్లు?" అని అడిగే మన ఊళ్లలో ఆ నాటకానికి గైడు అవసరం ఉండదు. ఇవన్నీ సీజర్‌ను తీసి పెట్టమనడం లేదు. సీజర్‌ను రెండేళ్లు లాగే బదులు ఏడాదిలో ముగించి, రెండో ఏడాది వీటిలో ఒకటి చదివించమంటున్నాను.

ఇక మీరు చేయాల్సిన పని. ఒక్క నాటకం కోసం బోర్డు మార్చకండి. లెక్కలు, సైన్సు, ఫీజులు, దూరం, ఇలాంటి కారణాలుంటే అది వేరే ఆలోచన. కొత్త బోర్డులో కూడా బట్టీ పెట్టించే స్కూలు దొరికితే ఏడుపు అలాగే ఉంటుంది.

ప్రిన్సిపాల్‌కు లెటర్ రాయండి, కానీ నాటకం తీసేయమని రాయకండి. అది ఆయన చేతిలో లేదు, బోర్డు చేతిలో ఉంది. ఆయన చేతిలో ఉన్నది అడగండి. లిటరేచర్ పీరియడ్లలో వారానికి ఒకటి ఆడించడానికి వదలమనండి. బెంచీలు పక్కకు జరిపితే చాలు, వేషాలు, స్టేజీ అక్కర్లేదు. ఏడాది మొదట్లోనే మొత్తం నాటకం సినిమాగా చూపించమనండి. ఇంటర్నల్ మార్కుల్లో కొన్ని గట్టిగా చదివినందుకు ఇవ్వగలరేమో అడగండి. పదిమంది తల్లిదండ్రులు సంతకం పెట్టి మర్యాదగా అడిగితే, చాలామంది ఇంగ్లీషు టీచర్లు లోలోపల సంతోషిస్తారు. సిలబస్ పూర్తిచేయాలన్న ఒత్తిడితోనే వాళ్లు గైడు పట్టుకుంటారు. ఇష్టంతో కాదు.

ఇంట్లో మాత్రం ఈ వారమే మొదలుపెట్టండి. రాత్రి భోజనాలయ్యాక పదిహేను నిమిషాలు చాలు. గైడు ఆ పదిహేను నిమిషాలూ వేరే గదిలో ఉండాలి. ఫోనులో సారాంశం అడగడం కూడా వద్దు. సారాంశంలో కథ ఉంటుంది, గొంతు ఉండదు. లేచి నిలబడి, పైకి చదవాలి. కాషియస్, బ్రూటస్ మాట్లాడుకునే మొదటి అంకం రెండో రంగం బాగుంటుంది. అర్థంకాని మాట వస్తే ఆగొద్దు, రంగం అయ్యాక చూసుకోవచ్చు. రెండోసారి చదివేటప్పుడు కాషియస్‌కు బ్రూటస్ మీద నిజంగా ప్రేమ ఉన్నట్టు చదవమనండి. మూడోసారి ప్రేమ నటిస్తున్నట్టు చదవమనండి. ఏది బాగా కుదిరిందో ఆమెనే చెప్పనివ్వండి. పరీక్షలో ఇచ్చిన భాగం ఎవరు, ఎవరితో, ఎందుకన్నారో రాయమంటారు కదా, ఇలా చదివిన పిల్లకు అది వేరుగా గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు.

తెలుగు మీడియంలో చదివానని మీరు పక్కకు తప్పుకోకండి. నాటకం మొదటి రంగంలో చెప్పులు కుట్టే అతను ఒకడు వస్తాడు. నీ పనేమిటని అధికారులు గద్దిస్తే, సోల్ అన్న మాట మీద శ్లేష పెట్టి వాళ్లను తిప్పలు పెడతాడు. చెప్పు అడుగూ సోలే, ఆత్మా సోలే. ఆ వేషం మీరు తీసుకోండి, చిన్నదే. అధికారి వేషం మీ అమ్మాయికి ఇచ్చి, నాలుగు మాటలు గట్టిగా కసరమనండి. ఎక్కడ ఎలా పలకాలో మీకు తెలియకపోతే ఆమెనే అడగండి. ఆ రాత్రి టీచరు ఆమే.